దీనమ్మ నీలం గుడ్డ

మధ్యాహ్నం గంట కొట్టినా దీనమ్మ చాప ఎత్తి చూస్తూనే ఉంది. నీలం గుడ్డ కనబడలేదు. పొద్దున ఇక్కడే కదా పెట్టింది!

నరసాపురం మిషన్ బడి ఆడపిల్లలు ఓడెక్కి తన దేశానికి వెళ్ళిపోతున్న దొరసానిగారి కోసం పెద్ద బొంత కుడుతున్నారు. పాత చీరలు పొరలుగా పరిచి, గోదారి గట్టున కనిపించేవన్నీ పైన రంగు గుడ్డలతో అతుకుతున్నారు. ఒకరిది తామరాకు, ఒకరిది కొంగ. దీనమ్మది లకుముకి పిట్ట. దాని రెక్కలకని అమ్మ తన చీర చెంగే చించి ఇచ్చింది.

"నా గుడ్డ ఎవరో తీశారే!" అంది దీనమ్మ గట్టిగా.

పక్కనున్న మరిడమ్మ గుప్పిట చటుక్కున పరికిణీ కిందికి పోయింది. మరిడమ్మ చేపల వేటకెళ్ళే సత్తియ్య కూతురు. బడిలో కొత్తగా చేరింది. "ఎవరన్నా మాటంటే మానిపించేస్తా" అని వాళ్ళమ్మ చెప్పి మరీ పంపింది.

'గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుందే!' అనుకుంది దీనమ్మ. ఇక చూడండి! మరిడమ్మ తలొంచుకుంటే అనుమానం, తలెత్తితే అనుమానం.

"పంతులమ్మగారండీ, మరిడమ్మ నా గుడ్డ దాచిందండీ!"

"నువ్వు చూశావా?" అన్నారు సంపూర్ణమ్మగారు.

"చూడాలేంటండీ? గుప్పిట తెరవమనండి."

మరిడమ్మ తెరిచింది. లోపల వల అల్లే దారం ఉంది. తను కుట్టే చేపకి పొలుసులు వేద్దామని ఇంటినుంచి తెచ్చుకుంది. నీచు వాసనని నవ్వుతారేమోనని దాచుకుంది. అనుకున్నంతా అయింది. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారు. మరిడమ్మ ఏడుస్తూ ఇంటికి వెళ్ళిపోయింది.

దీనమ్మకి అదీ దొంగేడుపే అనిపించింది.

విసురుగా బొంత లాక్కుని కుట్టసాగింది. పొద్దున తను కుట్టిన మూల దగ్గర ఏదో మందంగా తగిలింది. ఆ మూల ఎత్తి కిటికీ వెలుగుకి పట్టింది. పొరల మధ్య నీలం! పొరలు పరుస్తుంటే గుడ్డ లోపలికి జారింది. చూసుకోకుండా తనే పైన కుట్టేసింది. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే!

దీనమ్మ చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ మరిడమ్మ ఇక బడికి రాదు. ఆ మాట తలుచుకోగానే దీనమ్మకి ఏడుపొచ్చింది.

సాయంత్రం పంతులమ్మగారిని వెంటబెట్టుకుని మరిడమ్మ ఇంటికి వెళ్ళింది.

"మళ్ళీ ఏంటమ్మా? మా పిల్ల ఇంకేం తీసిందంట?" అంది మరిడమ్మ తల్లి.

"ఏం తీయలేదండి. తప్పు నాదేనండి. అందరి ముందూ దొంగన్నాను. అందరి ముందే చెప్తానండి. పంపండి."

తల్లి దీనమ్మని ఎగాదిగా చూసింది. "రేపటికి పంపుతా. ఆ తర్వాత చూస్తా" అంది.

మర్నాడు దీనమ్మ అందరి ముందూ కుట్లు విప్పి నీలం గుడ్డ బయటికి లాగింది. "నేనే లోపల పెట్టి కుట్టేశాను. మరిడమ్మని ఊరికే అన్నాను" అంది. మరిడమ్మ దూరంగా గోడవార కూర్చుని చేపకి పొలుసులు కుట్టుకుంది.

కాసేపటికి లోవలక్ష్మి అనే పిల్ల అరిచింది. "నా కత్తెర కనబడట్లేదండీ!"

అందరి కళ్ళూ గోడవైపే తిరిగాయి. మరిడమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

దీనమ్మ గబగబా వెళ్ళి మరిడమ్మ పక్కన నిలబడింది. అందరికీ కనబడేలా తన పరికిణీ దులిపింది.

"ముందు నన్ను వెతకండే!" అంది.