అలక అనుకున్నారు

పొద్దున్నే రంజిత్ చాయ్ కోసం కేకేశాడు. భార్య నవ్యశ్రీ గోడవైపు తిరిగి పడుకునే ఉంది, పలకలేదు. తన చెల్లెలి నిశ్చితార్థానికి పుట్టింటికి, బోథ్ పోతానంటే ముందురోజు అతను వద్దన్నాడు. అందుకే అలిగిందనుకున్నాడు. ఆలుమగల కలహం అద్దం మీద ఆవగింజ నిలిచినంత సేపంటారు. వీళ్లది మాత్రం రోజుల తరబడి నిలుస్తుంది, ఇద్దరూ మొండిఘటాలే.

"నువ్వే జర పలకరించరాదుర" అంది తల్లి ఐలవ్వ.

"నేనెందుకు పలకరిస్త? ఎంతసేపు మూతి ముడుచుకుంటదో సూస్త."

అంటూ అతను సాంచాల మీద నేత పనికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఐలవ్వ, "అన్నం మీద అలిగితే నీ కడుపే మాడుతది బిడ్డా, లే" అని నవ్వుతూ కోడలి కుడిచెయ్యి పట్టి లాగింది. చెయ్యి చచ్చుబడి జారిపోయింది. మూతి ఒక పక్కకు పోయి ఉంది. ముసలామె కొడుకు కోసం పరుగెత్తింది.

"ముప్పై ఏండ్లు గూడ లేవు, పక్షవాతమేంది సారూ?" కరీంనగర్ ఆసుపత్రిలో రంజిత్ డాక్టర్‌ను అడిగాడు.

"గుండె గదుల మధ్య పుట్టుకతోనే చిన్న రంధ్రం ఉంది. చాలామందికి ఉంటుంది, ఏమీ కాదు. ఈమెకు మాత్రం రక్తపు గడ్డ అందులోంచి దాటి మెదడుకు పోయినట్టుంది. రంధ్రం మూయొచ్చు. పొద్దున్నే తెచ్చి ఉంటే గడ్డ కరిగే మందు ఇచ్చేవాళ్లం. ఇక మాట తిరిగొస్తుందో లేదో చెప్పలేం" అన్నాడు డాక్టర్.

బోథ్ నుంచి వచ్చిన బావమరిది మల్లేష్ వరండాలోనే నిలదీశాడు.

"ఏమైందే అని ఒక్కసారి అడిగితే నీ పానం పోతుండెనా బావా?"

"అలిగిందనుకున్న మల్లేష్..."

"అలిగితే మాత్రం అడగవా?"



రంధ్రం మూశారు. నెలలు గడిచాయి. నవ్యశ్రీ మంచంలో కూర్చుంటుంది, అంతే. ఒకరోజు రంజిత్ గంజి తాగిస్తూ ఉండబట్టలేక అడిగాడు.

"నన్ను మాఫ్ చేసినవా నవ్యా?"

"ఆఁ" అంది నవ్యశ్రీ.

అన్నాళ్లకు మాట! ఐలవ్వ పరుగున వచ్చి, "అన్నది బిడ్డా! నా కోడలు మాట్లాడింది!" అని ఏడ్చింది. రంజిత్ కూడా ఏడుస్తూ నవ్వాడు. మళ్లీ వినాలనిపించింది.

"బోథ్ పోదామా?"

"ఆఁ."

"గంజి సాలా?"

"ఆఁ."

"ఇంకింత పొయ్యాల్నా?"

"ఆఁ."

రంజిత్ నవ్వు ఆగిపోయింది. గిన్నె కింద పెట్టి అడిగాడు.

"నన్ను ఎప్పటికీ మాఫ్ చెయ్యవు గదా?"

"ఆఁ" అంది, అదే గొంతుతో. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఏ ప్రశ్నకు కారుతున్నాయో అతనికి తెలియలేదు.