బల్ల మీద నాన్న, కంప్యూటర్లో నాన్న

"మీ నాన్నగారికి ఇయ్యాల కూడా కరెంటు పెట్టం," అంది టెక్నీషియన్ ఝాన్సీ, రేడియేషన్ గదిలోంచి వస్తూనే.

నాకు ఒళ్ళు మండింది. చోడవరంలో మొదటి బస్సెక్కి, క్యాన్సర్‌తో ఉన్న మనిషిని విశాఖ దాకా తెచ్చింది ఈ మాట వినడానికా?

"నిన్నా ఇదే మాట. స్కాన్ తీసి, ఎక్కడ పెట్టాలో కంప్యూటర్లో గీసేసేం అన్నారు కదా? ఆ గీతలు తప్పా?"

"గీతలు రైటే. మీ నాన్నగారే మారిపోతన్నారు."

కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. ప్లాన్ వేసిన రోజు బొమ్మలో మూత్రాశయం నిండుగా ఉంది. ఇవాళ్టి దాంట్లో ఖాళీ. అందుకే ప్రోస్టేట్ గ్రంథి గీత దాటింది, పేగు కిందికి దిగింది. ఇలాగే పెడితే క్యాన్సర్‌కి తగలాల్సింది మంచి పేగుకి తగులుతుందట.

"మీరు సెప్పిన నీళ్ళన్నీ నా ఎదురుగానే తాగేడు."

"తాగేరు. తరవాత బాత్రూంకి ఎళ్ళేరు. అడిగితే లేదంటన్నారు."

"మా నాన్న అబద్ధం సెప్పడు."

"మెషీనూ సెప్పదు."

మా వైపే, దేవరాపల్లి నుంచి వచ్చిన ఈ పిల్లకి ఇంత పొగరెందుకో, ఆ పొగరు చూడ్డానికి నేను రోజూ చొక్కా ఇస్త్రీ చేసుకోవడమెందుకో.

బయట బెంచీ మీద నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. గోవాడ ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బళ్ళవాళ్ళని గొంతుతోనే అదిలించే గణపతిరావు ఈయనేనా అనిపించింది.

"నాన్నా, ఎందుకెళ్ళేవు? ప్రాణం మీదకి తెచ్చుకుంటావేటి?"

"ఆగట్లేదురా మహేషూ. బల్ల మీద తడిసిపోతే?"

"ఆ మాట ఆవిడకి సెప్పొచ్చు కదా. ఆవిడకిది రోజూ పనే."

నాన్న కండువా నలిపాడు. "వేరే ఆడగుంటైతే సెప్పేద్దును. స్కాన్ నాడు ఆ పిల్లని సూసి, మనింటికి కోడలైతే బాగున్ను అనుకున్నాను. మీ అమ్మకీ సెప్పేను. కాబోయే కోడలితో ఆ మాటలేటిరా?"

తలెత్తితే ఎదురుగా ఝాన్సీ, చేతిలో నీళ్ళ సీసాతో. అంతా వినేసింది. నా చెవులు కాలిపోయాయి. ఆమె బుగ్గలూ ఎర్రబడ్డాయి.

నాన్న పక్కన కూర్చుంది. "ఆగకపోతే తప్పు కాదండి. డాక్టరు గారితో సెప్తాను. మీరు ఆపగలిగినంత నీళ్ళతోనే మళ్ళీ స్కాన్ తీసి, ప్లాన్ మారుస్తారు. కానీ నాకు నిజం సెప్పాలి."

"సెప్తానమ్మా."

ఆమె నా వైపు తిరిగింది. "మరి మీరు? మీ ఆశ కూడా మీ నాన్నగారే సెప్పాలా?"

"నాకూ అదే ఆశ," అన్నాను.

ఇన్నాళ్ళూ 'గణపతిరావు గారూ' అని పిలిచిన ఝాన్సీ, సీసా మూత తిప్పి నాన్న చేతికిచ్చింది.

"కొంచెం కొంచెం తాగండి, మావయ్యా."