ఆఖరి అప్‌డేట్

మొరప్పూర్ స్టేషన్లో జీవా కోడ్ వర్డు సగమే చెప్పగలిగాడు.

"కారిమంగళం సంతకు చింతపండు వచ్చిందా?" అని అడిగాడు ఏజెంట్ విమల్, చూపు పేపరు మీదే ఉంచి.

"వచ్చింది," అన్నాడు జీవా. "గింజ తీయలేదు" అన్న మిగతా రెండు మాటలు నోటి దాకా వచ్చేలోపు వెనక గుంపులోంచి ఒక మోచేయి అతన్ని ముందుకు నెట్టింది. గూడ్స్ బండి ఆగకుండా పోతోంది.

రైల్వే పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. అంతమందిలో విమల్ ఒక్క ముఖాన్నీ గుర్తుపట్టలేకపోయాడు.

సాయంత్రం సేలంలో ఒక టైర్ల షాపు మేడమీద చీఫ్ కన్నప్పన్ బ్రీఫింగ్ ఇచ్చాడు. ఇద్దరిదీ ఇంట్లో తెలుగే. అక్కడ గోడల వెనక ఎవరున్నా ఆ భాష అర్థం కాదన్నది డిపార్ట్‌మెంటు ధైర్యం. జీవా పనిచేసిన నీలధార కంట్రోల్స్ ధర్మపురి శివార్లలో ఉంది. వైర్‌లెస్ మోటార్ స్టార్టర్లు తయారుచేస్తుంది. పొలంలో బోరు మోటారుకు ఒక పెట్టె, అందులో సిమ్. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ నొక్కితే మోటారు తిరుగుతుంది. అలాంటివి లక్షల్లో ఉన్నాయి. హెరాన్ అనే విదేశీ ముఠా వాటన్నిటికీ దొంగ అప్‌డేట్ పంపి, మోటార్లన్నీ ఒకే క్షణంలో తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పబోతోంది. ఆ దెబ్బకు దక్షిణాది కరెంటు గ్రిడ్ కుప్పకూలుతుంది. జీవా ముందుగా పంపిన కబురు ఇంతే, మిగతాది చెప్పడానికే స్టేషన్‌కు వచ్చాడు.

"ఎప్పుడు సార్?"

"తెలీదు."

"లోపల మనోళ్ళు?"

"ఒకరు ఉండారు. కోడ్ నేమ్ పంచవర్ణం, అసలు మనిషి ప్రాడక్ట్ హెడ్ యోగలక్ష్మి. నువ్వు సర్టిఫికెట్ ఇచ్చే ల్యాబ్ నుంచి ఆడిటర్ అన్నామలైగా పోతావు."

మరునాడు చెంపల దగ్గరి జుట్టుకు తెల్లరంగు అద్దుకుని, పవర్ బ్యాంకులో దాచిన రేడియో స్కానర్‌తో విమల్ ఫ్యాక్టరీలో అడుగుపెట్టాడు. యోగలక్ష్మి ఎదురొచ్చింది. పొట్టిగా కత్తిరించిన జుట్టు, నెమలికంఠం రంగు చీర. ఆమె నడిచొస్తుంటే అసెంబ్లీ లైన్లో చేతులు ఆగిపోయాయి. అతన్ని తిన్నగా షీల్డ్ రూమ్‌కు తీసుకుపోయింది. నాలుగువైపులా రాగిరేకు తాపిన గది అది. రేడియో అల లోపలికి రాదు, బయటికి పోదు.

పరీక్షలు మొదలయ్యాయి. పెట్టె పెట్టెకూ వేరే పాస్‌వర్డు ఉంది. లోపలి ప్రోగ్రామును తడిమి చూసే డీబగ్ పోర్టు మూసి ఉంది. కంపెనీ డిజిటల్ సంతకం లేని అప్‌డేట్ పంపితే స్టార్టర్ తోసిపుచ్చింది. పాత వెర్షన్ పంపినా అంతే. ఉన్నదానికంటే పెద్ద నంబరు వస్తేనే తీసుకుంటుంది. తప్పు పట్టడానికి పోయిన విమల్‌కు తప్పు దొరకలేదు. భయం వేసింది అందుకే. కంపెనీ సంతకంతో ఏది వచ్చినా ఈ పెట్టె నమ్ముతుంది. ఆ సంతకం చేసే కీ ఒక యూఎస్‌బీ టోకెన్లో ఉంది. టోకెన్ యోగలక్ష్మి మెడలో ఉంది.

మధ్యాహ్నం ఆమె తన టిఫిన్ క్యారియర్లోంచి రాగి సంగటి తీసిపెట్టింది. తెలుగులోకి దిగింది. ఆ యాస విమల్ అక్క మాదేశ్వరిదే. మహేంద్రమంగళంలో టమాటా తోట చేసుకునే అక్క, పోయిన ఏడు గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఈ కంపెనీ స్టార్టర్ వచ్చాకే ఆమెకు చీకట్లో పొలానికి పోయే బాధ తప్పింది. విమల్ మెత్తబడ్డాడు. జీవా సగం మాట సంగతి, తనకు తోడుగా హోసూరు నుంచి రాబోయే డిపార్ట్‌మెంటు టీమ్ సంగతి ఆమెకు చెప్పేశాడు. ఆమె చేయి కడుక్కుని వస్తానని లేచింది. మెడలోని టోకెన్‌ను బెంచి మీది కంప్యూటర్‌కు తగిలించి ఏదో నొక్కింది. బయటికి పోయింది. తలుపుకు బయటినుంచి గడియ పడింది.

ఇంటర్‌కమ్‌లో ఆమె గొంతు వచ్చింది.

"జీవాను నేను తోయలేదు. ఎవరిని కలవను పోతాడో హెరాన్ వాళ్ళకు చెప్పినాను, అంతే."

"ఎందుకు?"

"మూడేండ్లు కన్నప్పన్ సార్‌కు రిపోర్టులు పంపినాను. ఒక్కదానికీ బదులు రాలే. వాళ్ళకు ఒకటి పంపితే ఆ దినమే చదివినారు."

"ఆస్పత్రుల్లో వెంటిలేటర్లు ఉంటాయి, యోగలక్ష్మీ."

"తెలుసు" అంది. చెప్పుల చప్పుడు దూరమైంది.

స్కానర్ ఆ గదిలో ఉత్త పవర్ బ్యాంకే. కంప్యూటర్‌కు, గోడమీది ఫోన్‌కు మాత్రం వైర్లు ఉన్నాయి. తెర మీద అప్‌డేట్ బయలుదేరడానికి సిద్ధంగా ఉంది, సెకన్లు తగ్గుతున్నాయి. పంపడానికి టోకెన్ ఒక్కటే చాలు, రద్దుకు ఇద్దరు అధికారులు ఒప్పుకోవాలి. ఒకరు యోగలక్ష్మి. రెండో పేరు జీవా.

టోకెన్ ఇంకా కంప్యూటర్‌కే ఉంది. మరచిపోయిందో, వదిలిపోయిందో విమల్‌కు ఎప్పటికీ తెలియలేదు.

కన్నప్పన్‌కు ఫోన్ చేశాడు. ఏదీ ముట్టుకోవద్దని, హెరాన్ సర్వర్ జాడ దొరికేదాకా ఆగమని చీఫ్ ఆజ్ఞ. టీమ్ ఎక్కడుందని అడిగితే కృష్ణగిరి టోల్‌గేట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుందట. విమల్ ఫోన్ పెట్టేశాడు.

దారి ఒకటే కనిపించింది. ముందుగా తనే ఒక ఖాళీ అప్‌డేట్ పంపాలి. దానికి వెర్షన్ గడిలో పట్టే అతిపెద్ద నంబరు ఇవ్వాలి. ఆ తర్వాత ఎవరు ఏది పంపినా చిన్న నంబరే, స్టార్టర్లు తీసుకోవు. అయితే ఖాళీ అప్‌డేట్ మోటారు నడిపే ప్రోగ్రామును తుడిచేస్తుంది, నంబరు సరిచూసే భాగం ఒక్కటే మిగులుతుంది. పెట్టె మీది చేతి బటన్ తప్ప మరేదీ పనిచేయదు. బాగుచేసే అప్‌డేట్‌కు ఇవ్వడానికి కూడా అంతకంటే పెద్ద నంబరు ఇక ఉండదు. అక్క కాలు గుర్తొచ్చింది. పేరు తెలియని లక్షలమంది చీకట్లో గట్లమీద నడవడం కళ్ళముందు కదిలింది.

నొక్కాడు.

కంప్యూటర్‌కు వైరుతో కలిపి బెంచి మీద పెట్టిన స్టార్టర్ దీపం ఆరిపోయింది. తెరమీద గడియారం సున్నాకు వచ్చింది, హెరాన్ అప్‌డేట్ బయలుదేరింది. ఒక్కొక్క జిల్లా వరసలో 'తిరస్కరణ' అని పడసాగింది. నెత్తిమీది ట్యూబ్‌లైటు ఒక్కసారి వణికి నిలబడింది.

టీమ్ వచ్చి తలుపు తీసింది, యోగలక్ష్మి మాత్రం దొరకలేదు. హెరాన్ సర్వర్ ఆ గంటలోనే మాయమైంది. జీవా చావు కాగితాల్లో ప్రమాదంగానే మిగిలింది. నీలధార మూతపడింది. మాదేశ్వరి ఫోన్ చేసి మోటారు పలకడంలేదని చెప్పింది. నిన్న తనే కుంటుకుంటూ పోయి వేసి వచ్చిందట. కారణం తెలియదన్నాడు విమల్. అక్కకు అతను చెప్పిన మొదటి అబద్ధం అది.

వారం తర్వాత సేలంలో కన్నప్పన్ అతన్ని ఎదుట కూర్చోబెట్టి, ఢిల్లీకి స్టార్టర్ల పరిస్థితి ఏమని రాయాలో అడిగాడు.

"సెక్యూరిటీకి నూటికి నూరు వేయండి సార్," అన్నాడు విమల్. "ఇక ఏ శత్రువు మాటా వినవు. రైతు మాట కూడా."