బోటులో బరువు

మా లూసియానాలో సెలవు రోజున ఇంటికో బోటు రోడ్డెక్కుతుంది. మేం మాత్రం మామయ్య బోటు అమ్మడానికి బయలుదేరాం. అమెదీ మామయ్య చిత్తడిలోకి చేపలకి వెళ్లి తిరిగి రాలేదు. ఖాళీ బోటు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. వంతెన అవతల ఊళ్లో దాన్ని కొనేవాళ్లు దొరికారు.

ముందు టైర్ల గొడవ. బోటుని మోసుకెళ్లే ట్రైలర్ టైర్ల గాట్లు అరగలేదు గానీ, ఏళ్ల తరబడి ఎండలో నిలబడి పక్కలు బీటలు వారాయి. మా అన్న యులీస్ పరమ పిసినారి. కారువి రెండు పాతవి తగిలిద్దామన్నాడు.

"కారు టైర్లు ఇంత బరువుకి ఆగవు తల్లీ, ఊగి చంపుతాయి. ట్రైలర్‌వే వేయించు," అన్నాడు షాపాయన నాతో. అవే వేయించాను.

వెనక బరువు ఎక్కువైనా ట్రైలర్ ఊగుతుంది. అందుకని బోటులో సామానంతా తీసేశాం. ముందు ఎంత బరువు పడుతోందో చూడ్డానికి అన్న స్నానాల గదిలోంచి మనుషులు బరువు చూసుకునే కాటా తెచ్చి, పికప్‌కి తగిలించే ట్రైలర్ మూతి కింద పెట్టాడు. ముల్లు సరైన చోటే నిలిచింది. కాసేపటికి మెల్లగా తగ్గడం మొదలెట్టింది.

"బోటు దిగవే క్లోడెట్! వెనక్కి వెనక్కి నడుస్తావేం?" అని విసుక్కున్నాడు.

నేను తన పక్కనే నిలబడి ఉన్నాను.

కాటా పాతదిలే అని సర్దిచెప్పుకున్నాం. బోటు మీద పట్టా కప్పి బయలుదేరాం. బుద్ధి ఉంటే అక్కడే మానుకోవాల్సింది.

చిత్తడి మీద వంతెన మైళ్ల పొడవు. పక్కకి ఆపే చోటు లేదు. మసక చీకటి, వాన, వెనక లారీలు. పికప్ నేనే నడుపుతున్నాను, పక్కన అన్న, మా వెనక సీటు ఖాళీ. అన్న ఒళ్లో సాసేజీల పొట్లం ఉన్నా, లోపలంతా కుళ్లిన ఆకుల వాసన.

సగం దూరం వచ్చాక ట్రైలర్ ఊగింది. ఎడమకి... కుడికి... మళ్లీ ఎడమకి...

"బ్రేకు తొక్కకు," గుసగుసగా అన్నాడు అన్న. "యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యి... చాలు."

"కొత్త టైర్లే కదన్నా!"

"టైర్లు కాదే... వెనక బరువుంది."

అద్దంలో చూశాను. బోటు వెనక చివర పట్టా ఉబ్బి ఉంది. మనిషి ముడుచుకు కూర్చున్నంత.

ఆగితే లారీ గుద్దేస్తుంది. దూకితే కింద నీళ్లు.

ఉబ్బు కదిలింది... ముందుకి. ఊగుడు ఆగింది. కానీ ఇప్పుడు పికప్ వెనక కుంగింది. ముందు లైట్లు పైకి లేచాయి. స్టీరింగ్ చేతుల్లో తేలిపోతోంది.

"మామయ్యా, మమ్మల్ని పోనీ..." అన్న ఏడ్చేశాడు.

పట్టా చదునుగా పడిపోయింది. లైట్లు దిగాయి. బండి తిన్నగా పోసాగింది.

"దిగిపోయాడే," అన్నాడు అన్న, ఊపిరి వదులుతూ.

అప్పుడు నా ముందు ఎర్ర దీపం వెలిగింది. వెనక సీట్లో ఎవరో బెల్టు పెట్టుకోలేదని టింగ్... టింగ్... మోగుతోంది. ఇద్దరం తల తిప్పలేదు.

వెనక బెల్టు లాగిన చప్పుడు... టక్.

మోత ఆగిపోయింది.