ఏడో నంబరు ప్రశ్న

రేడియోలు బాగుచేసే ఆయనను ఆయన దుకాణంలోనే కాల్చి చంపారు. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది. అది చల్లారేదాకా ఎవరూ లోపలికి వెళ్లలేదు.

సరిహద్దుకు అవతల అదొక చిన్న పట్టణం. మార్కెట్‌కు ఎదురుగా ఉన్న ఆ దుకాణంలో ఆయన పదకొండేళ్లు రేడియోలు, మిక్సీలు బాగుచేశాడు. ఆ పదకొండేళ్లూ ఇవతలి దేశానికి వైర్‌లెస్‌లో కబుర్లు పంపాడు. దుకాణం ముందు గుమిగూడిన జనంలో వీధి చివరి బడిలో పనిచేసే టీచరమ్మ కూడా ఉంది. ఆవిడ ఆయన భార్య. ఆ సంగతి ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలియకూడదు కాబట్టి, చేతిసంచీ పట్టుకుని అందరిలాగే రెండు నిమిషాలు నిలబడి, బడికి వేళవుతోందని వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత, ఒక సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, ఇవతలి దేశపు గూఢచారి శాఖలో చీఫ్ తన గది తలుపు వేసి, ఎదురుగా ఉన్న మనిషిని కూర్చోమన్నాడు.

ఆ మనిషిని శాఖలో గుమాస్తా అంటారు. ఏ ఆపరేషన్‌కు పంపినా గుమాస్తాగానో, అటెండరుగానో, టపా తెచ్చేవాడిగానో వెళ్లేవాడు. గంట సేపు పక్కన కూర్చున్నవాళ్లకు కూడా అతని ముఖం గుర్తుండేది కాదు. చనిపోయిన రేడియో మెకానిక్ అతని సొంత అన్న.

"మీ అన్నయ్యని పట్టించిందెవరో తెలిసింది," అన్నాడు చీఫ్. "మన సభే."

గుమాస్తా కుర్చీని బల్లకు దగ్గరగా జరుపుకున్నాడు.

"నెల కిందట ప్రశ్నోత్తరాల సమయంలో అందరికన్నా పాత సభ్యుడు, ఆ పెద్దాయన, హోం మంత్రిని అడిగాడు. సరిహద్దులో చొరబాటు సంగతి మీకు ముందే ఎలా తెలిసిందని. మంత్రి ఉబ్బిపోయి, బుధవారం తెల్లవారుజామున నాలుగింటికే మీ అన్నయ్య ఉండే ఊరి నుంచి వైర్‌లెస్ కబురందిందన్నాడు. బల్లలు చరిచారు. మర్నాడు అదే పెద్దాయన విద్యుత్ మంత్రిని అడిగాడు. పక్క దేశపు ఊళ్లకి మనం అమ్మే కరెంటు ఏయే వేళల్లో ఇస్తున్నారని. ఆ ఊరికి రాత్రి పదకొండు నుంచి ఉదయం అయిదు దాకా కోత అని జవాబు."

గుమాస్తాకు అర్థమైంది. కరెంటు లేని వేళ వైర్‌లెస్ పలికిందంటే బ్యాటరీలున్న చోటి నుంచి పలకాలి. ఆ ఊళ్లో బ్యాటరీలు వరసగా పేర్చి ఉన్న దుకాణం ఒక్కటే.

"రెండూ నిజాలే," అన్నాడు చీఫ్. "పక్కపక్కన పెట్టి చదివినవాడొకడు ఉన్నాడు. అంతే."

"పెద్దాయన అమ్ముడుపోయాడా?"

"లేదు. ఆయనకి ప్రశ్నల పిచ్చి. ముప్ఫై ఏళ్లలో ఒక్క ప్రశ్న వదిలిపెట్టలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. కానీ ఇప్పుడు చెవి సరిగ్గా వినపడదు, జ్ఞాపకం తప్పుతోంది. ప్రశ్నలు రాసిపెట్టేది ముత్యాలు."

ముత్యాలు పత్రికా విలేఖరి. మెడలో ఎప్పుడూ ఒంటిపేట ముత్యాల దండ ఉంటుంది కాబట్టి ఆ పేరు. పక్క దేశపు గూఢచారి ముఠా ఆమెకు పని ఇచ్చింది. ఆ పని ఏమిటో ఆమె చీఫ్‌కు చెబుతోంది. పెద్దాయనకు ఆమె బహుమతిగా ఇచ్చిన హియరింగ్ ఎయిడ్ చింతగింజంత ఉంటుంది. ఆమె చేతిలోని పెన్ను మైకు. సభలో ఆయన ఏం అడగాలో గ్యాలరీ నుంచి ఆమె చెవిలో చెబుతుంది.

"ఆవిడ మన మనిషేనా?" అన్నాడు గుమాస్తా.

"అనే అనుకుంటున్నాను," అన్నాడు చీఫ్. ఒక కాగితం తోశాడు. "ఇవాళ్టి ఏడో నంబరు చూడు. విదేశాంగ మంత్రికి."

ఈ వారం వైద్యం కోసం సరిహద్దు దాటి రావడానికి ఎందరికి అనుమతి ఇచ్చారు? ఏ గేటు, ఏ తేదీ, ఏ వృత్తి?

"జవాబులో ముగ్గురున్నారు," అన్నాడు చీఫ్. "రైతు, లారీ డ్రైవరు, టీచరు. టీచరు తూర్పు గేటు. ఇవాళ, పన్నెండున్నరకి."

"వదిన."

"పేరు మార్చాం. వృత్తి మార్చలేదు. మీ అన్నయ్యకి తోడెవరని వెతుకుతున్నవాళ్లకి ఆ ముక్క చాలు. ఆ ఫారం నింపినవాడు నిజాయితీపరుడు."

"వేళ మార్చలేమా?"

"ఎలా చెప్తావు? చెప్పే రేడియో మీ అన్నయ్యతోనే పోయింది."

"మంత్రికి చెబితే?"

"జవాబు అచ్చయిపోయింది. ఆపాలంటే కారణం రాసి స్పీకర్‌కి పంపాలి. ఆ కాగితం ఆరు చేతులు మారుతుంది. ఆ ఆరింట్లో ఒకటి వాళ్లది. ఏదో ఇంకా తెలియదు." చీఫ్ గడియారం చూశాడు. "ముత్యాలు ఒక దారి చెప్పింది. ప్రశ్నల గంట పదకొండు నుంచి పన్నెండు. ఈలోగా ఏడో నంబరు దాకా రాకుండా చూస్తే చాలట. రానిదాన్ని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు."

డ్రాయరులోంచి పెద్దాయన చెవిలో ఉన్నటువంటి పరికరమే ఇంకొకటి తీసి ఇచ్చాడు. "ఆవిడ ఆయనకి చెప్పేది నీకూ వినపడుతుంది."

పదకొండుకు పది నిమిషాల ముందు గుమాస్తా తెల్ల కోటు, భుజానికి ఎర్ర పట్టీతో సభ లాబీలో ఉన్నాడు. సభ్యులకూ మంత్రులకూ చీటీలు అందించే అటెండర్లలో ఒకడు. ముత్యాలు మెట్లెక్కబోతూ ఆగింది. ఆమె నిలబడితే ఫైళ్లు మోసేవాళ్ల నడక కూడా నెమ్మదిస్తుంది.

"వానొచ్చేలా ఉందమ్మా," అన్నాడతను. అది గుర్తు మాట.

"గొడుగు నా దగ్గరే ఉంది," అంది ఆమె. గొంతు తగ్గించింది. "ఆరో నంబరు తాగునీళ్ల మంత్రిది. ఆయనకి మైకు దొరికితే వదలడు. కాస్త మేత వెయ్యి."

గంట మోగింది. అయిదు ప్రశ్నలు చకచకా అయిపోయాయి. ఉల్లిగడ్డల దిగుమతి గురించి ఒకరు, పాడైన ఓడరేవు గురించి ఒకరు అడిగారు. మంత్రులు తమ ముందున్న కాగితాల్లోంచి చదివారు. పదకొండు ముప్ఫైకి ఆరో నంబరు వచ్చింది. రాజధానిలో పాత నీళ్ల గొట్టాలు ఎప్పుడు మారుస్తారు?

గుమాస్తా మంత్రి ముందు ఒక ఫైలు పెట్టాడు. అరవై రెండు వార్డుల గొట్టాల వివరాలు, వార్డుకో పేజీ. మంత్రి కళ్లు మెరిశాయి. కళ్లజోడు సవరించుకుని మొదటి వార్డు నుంచి మొదలుపెట్టారు. సభలో ఆవలింతలు వినిపించాయి. పదకొండు యాభైకి ఆయన ఇరవై మూడో వార్డులో ఉన్నారు.

గుమాస్తా మూడు వారాల తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

సభ వెనక గదిలో, ప్రశ్నల విభాగంలో, సెక్షన్ ఆఫీసరమ్మ అచ్చయిన జవాబుల కట్టలు నంబర్ల వారీగా బల్ల మీద సర్దుతోంది. చీటీల పుస్తకం కోసం అతను లోపలికి వెళ్లాడు.

"ఏంటి బాబూ, మంత్రిగారికి ఇవాళ పూనకం వచ్చిందా?" అంది ఆవిడ. "మంచిదేలే. ఏడో నంబరు నుంచి రావు. పన్నెండు కొట్టగానే ఈ కట్టలు విప్పి పత్రికలవాళ్లకి పంచేస్తే నా పని అయిపోతుంది."

గుమాస్తా చెయ్యి చీటీల పుస్తకం మీద ఆగిపోయింది.

"రాని ప్రశ్నకి జవాబు పంచడమెందుకండీ?"

"కొత్తగా వేశారా నిన్ను? టైం చాలక మిగిలినవాటికి జవాబు ఇచ్చినట్టే లెక్క. నోటితో చెప్పరు, కాగితం ఇస్తారు. అంతే తేడా."

"మరి ఆ కాగితం ఆగాలంటే?"

"పిలిచినప్పుడు అడిగినాయనే లేచి, నేను అడగడం లేదనాలి. కారణం చెప్పక్కర్లేదు. అప్పుడు కట్టకి కట్టా మిషన్లో వేసి చించేస్తాం." ఆవిడ నవ్వింది. "పెద్దాయన ప్రశ్నకి మాత్రం ఆ ఆశ పెట్టుకోకు. నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన ఒక్కటీ వదల్లేదు."

"పైన గ్యాలరీలో ముత్యాల దండ వేసుకుంటుందే, ఆవిడకి ఈ రూలు తెలుసా?"

"భలేవాడివే. పన్నెండేళ్లుగా ఈ కట్టలు మొదట అందుకునేది ఆవిడే."

గోడ గడియారంలో పదకొండు యాభై రెండు. దేశాలు తిరిగినవాడు, తాళాలు తీసినవాడు, సొంత సభ ఎలా నడుస్తుందో ఏనాడూ కనుక్కోలేదు. వదిన మెడకు ఉరి తనే బిగిస్తున్నాడు, అరవై రెండు వార్డుల పొడుగున.

అప్పుడే చెవిలో ముత్యాలు గొంతు మెత్తగా వినిపించింది. "బాబాయ్, మీరు లేవక్కర్లేదు. హాయిగా కూర్చోండి. మీ జవాబు కాగితం మీద వచ్చేస్తుంది."

అతను సభలోకి వచ్చాడు. మంత్రి ఇరవై ఆరో వార్డులో ఉన్నారు. గుమాస్తా వంగి, ఆయన ముందు ఒక చీటీ పెట్టాడు. దాని మీద మూడు ముక్కలే ఉన్నాయి. 'సార్, లైవ్ ఆగిపోయింది.'

మంత్రి టీవీ కెమెరా వైపు చూశారు. చీటీ వైపు చూశారు. "మిగతా వార్డుల పరిస్థితి కూడా ఇదే, అధ్యక్షా," అని కూర్చున్నారు.

అనుబంధ ప్రశ్న కోసం ఒకరు లేచారు. పదకొండు యాభై నాలుగు. గుమాస్తా గోడకు ఆనుకుని రెండో చీటీ రాశాడు. దయచేసి అని మొదలుపెట్టి కొట్టేశాడు. ఆ మాటకు ఇక్కడ చోటు లేదనిపించింది.

'అయ్యా, నెల కిందట మీరడిగిన రెండు ప్రశ్నల జవాబులు కలిపి చదివి మా అన్నయ్యను చంపారు. ఏడో నంబరు జవాబు బయటికొస్తే పన్నెండున్నరకు మా వదినను చంపుతారు. పిలిచినప్పుడు అడగనని చెప్పండి. మీ తప్పు లేదు.'

అతని ఉద్యోగంలో అంత నిజం కాగితం మీద పెట్టడం నేరం. కానీ ఈ కాగితం ఒక్క చెయ్యే మారుతుంది.

పెద్దాయన మూడో వరసలో, ప్రశ్నల కాగితం రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. చీటీ విప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. రెండోసారి చదివాడు. తలెత్తి అటెండరు ముఖం చూశాడు.

"నువ్వు రాసిందేనా?"

"అవునండీ."

"మీ అన్న ఏం చేసేవాడు?"

"రేడియోలు బాగుచేసేవాడండీ."

పెద్దాయన చీటీని నాలుగు ముక్కలు చేసి, నీళ్ల గ్లాసులో వేసి, వేలితో కలిపాడు. సిరా నీలంగా విడిపోయింది. చెవిలోంచి హియరింగ్ ఎయిడ్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏడో నంబరు," అన్నారు స్పీకర్. పదకొండు యాభై ఎనిమిది.

"లేవండి బాబాయ్," అంటోంది ముత్యాలు, చెక్కబల్లతో. "ఏడో నంబరు అనండి, చాలు."

గుమాస్తా భుజం తట్టగానే పెద్దాయన బల్ల అంచు పట్టుకుని లేచాడు. సభ వింటోందో లేదో ఆయనకు తెలియదు. అందుకే అవసరమైన దానికన్నా గట్టిగా అన్నాడు.

"ఈ ప్రశ్న నేను అడగడం లేదు, అధ్యక్షా."

వెనక బల్లల్లోంచి ఎవరో, "వర్షం పడుతుందేమో చూడండయ్యా," అన్నారు. నవ్వులు. విదేశాంగ మంత్రి అప్పటికే సగం లేచి ఉన్నారు.

"అధ్యక్షా, జవాబు సిద్ధంగా ఉంది. అనుమతిస్తే చదువుతాను. మొత్తం ముగ్గురు..."

గుమాస్తా స్పీకర్ వైపు తిరిగాడు.

"కూర్చోండి మంత్రిగారూ," అన్నారు స్పీకర్. "అడగనిదానికి చెప్పడానికి రూలు లేదు. ఎనిమిదో నంబరు."

ఎనిమిదో నంబరు సభ్యుడు లేస్తుండగానే పన్నెండు గంట మోగింది. గుమాస్తా వెనక గదిలోకి వెళ్లేసరికి పత్రికలవాళ్లు తోసుకుంటున్నారు. ఒకడి చెయ్యి ఏడో నంబరు కట్ట మీద పడింది. సెక్షన్ ఆఫీసరమ్మ స్కేలుతో ఆ చేతి మీద ఒకటి వేసి, కట్ట లాక్కుని, చించే మిషన్లో వేసింది.

"ఇరవై ఆరేళ్లలో మొదటిసారి," అంది. "ఆయనకి ఒంట్లో బాగుందో లేదో కనుక్కో బాబూ."

ముత్యాలు గ్యాలరీ మెట్ల మీదే దొరికింది. కింద గుమాస్తా కబురు మీద చీఫ్ పంపిన ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆమె పరుగెత్తలేదు. పెన్ను తీసి గుమాస్తా చేతికిచ్చింది.

"దుకాణంలో చంపింది మా అన్నయ్యని," అన్నాడతను.

"మెకానిక్ నీ అన్న అని నాకు తెలియదు," అంది.

"తెలిస్తే?"

ఆమె కాసేపు నిజంగానే ఆలోచించింది. "ఇదే చేసేదాన్ని. కానీ నీ ముఖం చూడకుండా ఉండేదాన్ని."

పన్నెండూ నలభైకి లాబీలోని టెలిఫోన్ మోగింది. తూర్పు గేటు నుంచి.

"వదినా."

"నేనే." చాలా దూరం నుంచి మాట్లాడుతున్నట్టుంది. "దాటాను. కుర్చీ వేశారు. నీళ్లిచ్చారు."

"ఏమైనా తిన్నావా?"

"మీ అన్నయ్యని ఎక్కడ పెట్టారో నీకు తెలుసా?"

"తెలియదు వదినా."

"నాకూ తెలియదు. మునిసిపాలిటీ బండిలో తీసుకెళ్లారు. వెనక నాలుగడుగులు కూడా నడవలేదు నేను. బడికెళ్లి ఎక్కాలు చెప్పించాను."

అతను ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. అవతల ఆవిడ ఏడవడం అదే మొదలు. పదకొండేళ్ల అలవాటు వల్ల అది కూడా చప్పుడు లేకుండానే ఏడ్చింది. తర్వాత గొంతు సర్దుకుంది.

"ఆయన్ని ఎవరు పట్టించారు? ఆ ఒక్కటి చెప్పు."

అద్దం తలుపు అవతల పెద్దాయన బెంచీ మీద ఒంటరిగా కూర్చున్నాడు. సభ్యులు పలకరిస్తూ పోతున్నారు. ఆయనకు వినపడడం లేదు. హోం మంత్రి, విద్యుత్ మంత్రి ఏదో జోకుకు నవ్వుకుంటూ భోజనాల గది వైపు వెళ్లారు.

గుమాస్తా అద్దం తలుపుకు వీపు తిప్పాడు.

"సమాచారం సేకరిస్తున్నాం, వదినా," అన్నాడు.

ఒక్క పూట సభలో నిలబడితేనే మంత్రిలా జవాబు చెప్పడం వచ్చేసింది.