సుద్దరాళ్ల తోట వైన్

ఉదయం తొమ్మిదింటికి, సొంత సెల్లార్‌లో పీపాల మధ్య, ద్రాక్షతోట పెద్దాయన్ని ఎవరో వెనకనుంచి కాల్చి చంపారు. పదిన్నరకల్లా ఏజెంట్ మౌని చీఫ్ ముందు నిలబడ్డాడు.

"పన్నెండింటికి యుద్ధ విరమణ సంతకాలు. ఆ వెంటనే ఇరవై నలుగురు ఆ తోట వైట్ వైన్ తాగుతారు. సీసాలు మార్చేశారని, అది కనిపెట్టినందుకే ఆయన్ని చంపారని అనుమానం."

"విందు ఆపించండి సార్."

"ఆధారం లేకుండా ఆపితే సంతకాలూ ఆగిపోతాయి. యుద్ధం ఆగకూడదనుకునే విదేశీ ముఠాకి కావలసింది అదే." చీఫ్ గొంతు తగ్గించాడు. "పెద్దాయన కూతురికి ఇంకా తెలీదు."

ఆ కూతురు సమావేశంలో దుబాసి. డబుల్ ఏజెంట్ కూడా. ముఠాకి పనిచేస్తూ వీళ్లకి కబుర్లు మోసేది. అసలు ఎవరి మనిషో ఆమెకైనా తెలుసా అని ఆఫీసులో జోకులేసుకునేవారు. మూడేళ్లుగా ఆమె కాంటాక్ట్ మౌనియే. పెళ్లి మాట నోటిదాకా వచ్చి ఆగిపోతూనే ఉంది.

వెయిటర్ వేషంలో హాలు పక్క పాంట్రీలోకి దూరాడు. ఫౌంటెన్ పెన్ పాళీని పోసి ఉంచిన ఒక వైన్ గ్లాసులో ముంచాడు. విషముంటే ఎర్రబడాలి. రంగు మారలేదు. కానీ ఆ పాళీకి చిక్కని విషాలూ ఉన్నాయి.

ఆకుపచ్చ పట్టు గౌనులో ఆమె లోపలికొచ్చింది. "వాన పడేలా ఉంది," అంది, కోడ్ ప్రకారం.

అతను జవాబు కోడ్ చెప్పలేదు. "ఈ సీసాలు ఎవరి చేతికిచ్చావ్?"

"ప్రోటోకాల్ ఆఫీసర్‌కి. ముఠావాళ్లు బిరడాల్లో మైకులు పెడతామన్నారు. నీకు రేపు చెబుదామనే..." అతని మొహం చూసి ఆగిపోయింది. "ఏమైంది?"

"మీ నాన్నగారు పోయారు. పొద్దున సెల్లార్‌లో కాల్చేశారు."

ఆమె ఏడవలేదు. "ఇది నాన్న వైనో కాదో నాకు తెలుస్తుంది," అంటూ గ్లాసందుకుంది. అతను చెయ్యి పట్టుకునేలోపే గుక్కెడు మింగేసింది.

"తియ్యగా ఉంది," అంది మెల్లగా. "నాన్న వైన్‌లో తీపి చుక్క ఉండదు. సుద్దరాళ్ల నేల కదా, తడిరాయిని నాలుకతో తాకినట్టుంటుంది. పక్క తోట ద్రాక్ష ఒక్కటి కూడా కలపనిచ్చేవాడు కాదు."

"పద, డాక్టర్ దగ్గరికి!"

"ట్రేలు లోపలికెళ్లిపోయాయి. వెయిటర్ మాట ఎవరు వింటారు? నా మాటైతే రెండు పక్షాలూ వింటాయి. తప్పుకో."

హాల్లో మంత్రి శాంతి గురించి రెండు ముక్కలు మాట్లాడి గ్లాసు పెదాలకి ఆనించాడు. ఆమె మైకు అందుకుని తర్జుమా చేసింది.

"తాగకండి. విషం."

రెండో భాషలోనూ అదే చెప్పింది. గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. ప్రోటోకాల్ ఆఫీసర్ తలుపువైపు పరిగెత్తాడు. మౌని ట్రేతో ఒక్కటిచ్చి పడగొట్టాడు. వెనక్కి తిరిగేసరికి ఆమె మైకు పక్కన కుప్పకూలి ఉంది.

అంబులెన్సులో ఆమె తల అతని ఒళ్లో ఉంది. "మూడేళ్లుగా ఏదో చెప్పబోయి మింగేస్తున్నావ్. ఇప్పుడైనా చెప్పు."

చెప్పాడు. పూర్తయ్యేసరికి వినడానికి ఆమె లేదు.

వారం తర్వాత చీఫ్ బల్లమీదికి ఒక కాగితం వచ్చింది. సెలవు: పది రోజులు. కారణం: కోతలు.

"కోతలేంటయ్యా?"

"ద్రాక్ష పండింది సార్. కొయ్యడానికి ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు."

చీఫ్ సంతకం పెట్టాడు. "మన ఆఫీసులో రోజూ కోస్తున్నవి చాలవా?"

"ఇవి నిజం కోతలు సార్," అన్నాడు మౌని.