కంచెకు కన్నం

ఆమె మొదటిసారి మా ఆఫీసుకు వచ్చింది నా పరువు తీయడానికి. ఆ పని చాలా శ్రద్ధగా చేసింది.

మా కంపెనీ యాంటీవైరస్ తయారుచేస్తుంది. కంప్యూటర్‌లోకి వచ్చే ప్రతి ఫైలునూ ముందుగా విప్పి చూసే భాగం నాది. అందులో దొంగలు దూరే కన్నం ఉందని, లోపాలు వెతికిపెట్టే బయటి టెస్టర్ ఒకామె మెయిల్ పెట్టింది. మహా మేధావిని కదా, సగం చదివి జవాబిచ్చాను: "మీ రిపోర్టు చూశాం. ఇది లోపం కాదు. ఇలా ఉండాలనే ఇలా చేశాం."

ఆ టెస్టరే ఇప్పుడు వానకు తడిసిన గొడుగు నా టేబుల్ మీద పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"మీ లాప్‌టాప్‌కి ఒక ఫైలు పంపుతున్నా. మీరు దేన్నీ ముట్టుకోవద్దు."

"ముట్టుకోకపోతే ఏమవుతుందండీ?" అన్నాను, జాలిగా నవ్వి.

అయింది. ఫైలు వచ్చింది. నేను తెరవలేదు. నా యాంటీవైరసే తనిఖీ కోసమని విప్పి, అందులో చెప్పినట్టల్లా ఆడింది. స్క్రీన్ నిండా పెద్ద అక్షరాలు: "కాఫీ ఇప్పించండి."

"కంచే చేను మేయడమంటే ఇదేనండీ," అంది. "మీ సరుకు లేని కంప్యూటర్‌లో ఈ ఫైలు నోరు మూసుకుని పడుంటుంది. మీది ఉన్నచోటే ప్రమాదం. అన్నట్టు, పంచదార తక్కువ."

ఇప్పించాను. అప్పటికి నా చేతనైంది అదొక్కటే.

ఆ తర్వాత కన్నం పూడ్చే పనిలో రోజూ మాట్లాడుకున్నాం. అంటే ఆమె తిట్టేది, నేను దిద్దేవాణ్ణి. ఆమె తిట్టని రోజు నాకు తిండి సయించేది కాదు. ఇదేం రోగమో అర్థమైంది. దీనికి మా కంపెనీలో మందు లేదు.

కన్నం పూడ్చే ప్యాచ్ సిద్ధమయ్యాక మేనేజరు గారు నా భుజం తట్టారు. "మన టీమే కనిపెట్టిందని ప్రకటన రాయవోయ్. బయటి అమ్మాయి పేరెందుకు?"

"ఆ పేరు చూసే కదండీ రేపు ఆవిడకి ఎవరైనా పనిచ్చేది?"

"నీ ప్రమోషన్ ఫైలు నా టేబుల్ మీదే ఉంది. ఆలోచించుకో."

ఆలోచించాను. కాస్త ఎక్కువసేపే ఆలోచించాను, నేనేమీ మహాత్ముణ్ణి కాను. చివరికి మొదటి వాక్యంలోనే ఆమె పేరు పెట్టి విడుదల చేసేశాను.

ప్రమోషన్‌కు బదులు ఫిర్యాదుల ఫోన్లెత్తే సీటిచ్చారు. దానికి కిటికీ కూడా లేదు. అక్కడ మొదటి ఫోనే ఆమెది.

"నా పేరు కోసం ప్రమోషన్ పోగొట్టుకున్నారట! బుద్ధుందా మీకు?"

"ఉండేదండీ. మీరొచ్చినప్పటినుంచి పనిచేయడం లేదు. మీ ఫోనొస్తే చాలు, గుండె దడదడ. ఎంత సరిచేసుకున్నా పోవట్లేదు. మీరంటే నాకు ఇష్టమండీ. హమ్మయ్య, చెప్పేశాను."

అయిపోయింది నా పని అనుకున్నాను.

"మీ రిపోర్టు చూశాను," అంది. "ఇది లోపం కాదు. ఇలా ఉండాలనే ఇలా చేశాను."

నేను మెయిల్లో రాసిన జవాబునే నాకు తిప్పికొట్టింది.

"కింద వానలో నిలబడి ఉన్నా. త్వరగా రండి, ఈసారి కాఫీ నేనిప్పిస్తా."

రెండో ఫిర్యాదు మోగుతూనే ఉంది. మోగనీ అని పరుగెత్తాను.